ఆట బోర్ కొట్టినా ఆడుతూనే ఉన్నాం, దీని గురించి కూడా కాస్త రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వీడియో గేమ్‌ల గురించి పేపర్లో ఎప్పుడు వచ్చినా రెండే రకాల వార్తలు వస్తాయండి. ఒకటి, ఫలానా ఊళ్ళో కుర్రాడు గేమ్‌లకి బానిసైపోయాడు, చదువు అటకెక్కింది అని. రెండోది, కొత్త గేమ్ రిలీజైంది గ్రాఫిక్స్ అదిరిపోయాయి అని. ఈ రెండిటికీ మధ్యలో మాలాంటోళ్ళం చాలా మందిమి ఉన్నాం, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రి పిల్లలు పడుకున్నాక ఓ గంట ఫుట్‌బాలో క్రికెట్టో బాస్కెట్‌బాలో ఆడుకునే బ్యాచ్, మా గోల మాత్రం ఎక్కడా రాదు. మా గోలేంటంటే ఆట బోర్ కొట్టేసింది, అయినా ఆడుతున్నాం. సరదాకి కాదు, ఈరోజు టాస్కులు ఈరోజే అయిపోవాలి కాబట్టి ఆడుతున్నాం.

దీన్ని గ్రైండింగ్ అంటారు. తెలియని వాళ్ళ కోసం చెప్తా. ఒక ఫుట్‌బాల్ గేమ్ ఓపెన్ చేశారనుకోండి, ముందు మ్యాచ్ రాదు, లిస్టు వస్తుంది. ఇవాళ రెండు మ్యాచ్‌లు గెలవాలి, ఫలానా దేశం ప్లేయర్‌తో మూడు గోల్స్ కొట్టాలి, హెడర్‌తో ఇంకోటి కొట్టాలి, ఇవన్నీ చేస్తే ఒక ప్యాక్ ఇస్తారు, అంటే లోపల ఎవరొస్తారో ముందు తెలియని ప్లేయర్ల కార్డుల ప్యాకెట్టు, ఆ ప్యాక్‌లో వచ్చే ప్లేయర్లు ఎలాగూ మన టీమ్‌కి పనికిరారు, అలా పనికిరాని వాళ్ళని పదకొండు మందిని పోగేసి ఇంకో చోట ఇచ్చేస్తే ఇంకో ప్యాక్. దీని కోసం కంప్యూటర్ టీమ్‌ని ఈజీ లెవెల్‌లో పెట్టుకుని, పక్కన ఫోన్‌లో ఇంకేదో వీడియో చూసుకుంటూ, ఒకే రకం గోల్ మళ్ళీ మళ్ళీ కొడుతూ కూర్చుంటాం. నేను ఆడేది ఏ గేమో పేరు చెప్పను, చెప్పినా పెద్ద తేడా లేదు, పెద్ద స్పోర్ట్స్ గేమ్‌లు చాలా వరకు ఇప్పుడు ఇదే దారి.

ఈ దారి వేసింది ఎక్కువగా ఈఏ, అంటే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ. 2009 మార్చిలో ఫిఫా 09 అనే వాళ్ళ ఫుట్‌బాల్ గేమ్‌కి అల్టిమేట్ టీమ్ అని ఒక మోడ్ కలిపారు. చిన్నప్పుడు బబుల్‌గమ్ కొంటే లోపల క్రికెటర్ల బొమ్మల కార్డు వచ్చేది గుర్తుందా, అదే ఐడియా, కాకపోతే ఇక్కడ వచ్చిన కార్డుతో మ్యాచ్ ఆడొచ్చు. మ్యాచ్‌లు ఆడితే కాయిన్స్ వస్తాయి, కాయిన్స్‌తో ప్యాక్ కొనొచ్చు, అంత ఓపిక లేకపోతే డబ్బులు పెట్టి కొనొచ్చు. 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈ అల్టిమేట్ టీమ్ మోడ్‌ల మీదే ఆ కంపెనీకి 162 కోట్ల డాలర్లు వచ్చాయి, మొత్తం ఆదాయంలో 29 శాతం అది. గేమ్ అమ్మితే డబ్బులు ఒక్కసారే వస్తాయి, ఈ ప్యాకుల మీద ఏడాదంతా వస్తాయి. కాబట్టి మనం ఏడాదంతా ఆడాలి, నెల రోజులకే మొహం మొత్తి పక్కన పడేస్తే వాళ్ళకి గిట్టదు. నాకైతే అసలు కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఇంకా చిరాకు ఏంటంటే ఇంత కష్టపడి సంపాదించింది నిలవదు. కొత్త గేమ్ సెప్టెంబర్ ఆఖర్లో వస్తుంది. అప్పుడు 86 రేటింగ్ (ఎంత బాగా ఆడతాడో చెప్పే కార్డు మీది నంబర్) ప్లేయర్ దొరికితే పండగ, ఫ్రెండ్స్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టేస్తాం. జనవరిలో అంతకన్నా పెద్ద రేటింగ్‌తో టీమ్ ఆఫ్ ది ఇయర్ కార్డులు దిగుతాయి, ఎండాకాలానికి టీమ్ ఆఫ్ ది సీజన్ వస్తుంది, అప్పటికి 86 ప్లేయర్‌ని బెంచ్ మీద కూడా ఎవరూ కూర్చోబెట్టరు. మళ్ళీ సెప్టెంబర్ వచ్చేసరికి కొత్త గేమ్, కొత్త టీమ్, అంతా మొదటి నుంచి. బాస్కెట్‌బాల్ గేమ్ ఎన్‌బీఏ 2కే సిరీస్ కూడా అంతే, మన ప్లేయర్‌ని 60 రేటింగ్ దగ్గర మొదలుపెట్టి పైకి లాక్కురావాలి, దానికి వీసీ అనే గేమ్ డబ్బులు కావాలి, అవి ఆడైనా సంపాదించాలి లేదా నిజం డబ్బులు పెట్టైనా కొనాలి. 2017లో వచ్చిన 2కే18లో అయితే మన ప్లేయర్‌కి హెయిర్‌కట్ చేయించాలన్నా వీసీ కట్టాలి, పైగా చేయించేముందు ఎలా ఉంటుందో చూసుకునే వీల్లేదు. అప్పుడు ఫ్యాన్స్ బాగానే తిట్టారు లెండి.

ఇదంతా విని మా ఇంట్లో వాళ్ళు ఒకటే మాట అంటారు, బోర్ కొడితే మానెయ్యొచ్చుగా అని. న్యాయమైన ప్రశ్నే. 2007, 08 టైంలో మా ఊరి నెట్ సెంటర్లలో ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా ఈఏ క్రికెట్ 07 ఉండేది, దానికి ఎవరెవరో ఫ్యాన్స్ ప్యాచ్‌లు చేసి ఐపీఎల్ టీమ్‌లు కూడా పెట్టేశారు. ఆ గేమ్ కూడా బోర్ కొట్టేది, కొట్టకుండా ఎలా ఉంటుంది, ఓ షాట్ టైమింగ్ పట్టేసుకున్నాక ప్రతి బాల్ సిక్సరే. బోర్ కొట్టగానే లేచి గ్రౌండ్‌కి పోయేవాళ్ళం. మళ్ళీ ఎప్పుడో వానాకాలంలో గుర్తొచ్చి ఆడితే ఎక్కడ వదిలామో అక్కడే ఉండేది, పోయిందేమీ లేదు. ఇప్పటి గేమ్‌లో బోర్ కొట్టి వారం మానేస్తే ఆ వారం ఈవెంట్ పోతుంది, ఆ ఈవెంట్‌లో వచ్చే ప్లేయర్ పోతాడు, తోటి వాళ్ళు ముందుకెళ్ళిపోతారు, సీజన్ పాస్ (ఆడేకొద్దీ మెట్టు మెట్టుకీ రివార్డ్ ఇచ్చే లిస్టు) లెవెల్ అక్కడే ఆగిపోతుంది. అంటే బోర్ కొట్టడం అనేది ఇదివరకు ఇక చాలు లేవరా అని మనసు చెప్పే మాట, ఇప్పుడు ఆ మాట వినపడినా లేవనివ్వకుండా గేమ్‌ని కట్టారు. దీన్ని మన వాళ్ళు వ్యసనం అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. వ్యసనం కేసులు లేవని నేను అనను, ఉన్నాయి, వాటికి డాక్టర్లు ఉన్నారు. కానీ మాలో ఎక్కువ మందిది అది కాదండి, ఆఫీసులో ఓటీ చేసినట్టు గేమ్ ఆడటం, జీతం లేకుండా.

వీకెండ్ లీగ్ సంగతి చెప్తే మీరే నవ్వుతారు. ఫిఫా 17లో ఫుట్ ఛాంపియన్స్ అని పెట్టారు, శుక్రవారం నుంచి ఆదివారం లోపు 40 మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు, ఎన్ని గెలిస్తే అంత పెద్ద రివార్డ్. ఒక్కో మ్యాచ్‌కి పావుగంట వేసుకున్నా పది గంటలు. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉన్నోడికి ఎలా కుదురుతుంది? జనం మొత్తుకోగా మొత్తుకోగా తర్వాత ఏళ్ళలో 30 చేశారు, తర్వాత 20, ఫిఫా పేరు ఎఫ్‌సీగా మారాక ఎఫ్‌సీ 25లో 15కి దింపారు. అంటే ఇది మరీ ఎక్కువైందని వాళ్ళకీ తెలుసన్నమాట.

మోటివేషన్ పోయింది ఏం చెయ్యాలి అని మా బ్యాచ్‌లో తరచూ అనుకుంటుంటాం, ఒకడు బ్రేక్ తీసుకో అంటాడు, ఇంకొకడు కొత్త ఫార్మేషన్ ట్రై చెయ్ అంటాడు. ఈ మధ్య ఒక పాత ప్రయోగం గురించి చదివాక నాకు విషయం కొంచెం అర్థమైంది. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు సైకాలజిస్టులు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలెయ్యడం అంటే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకుని, కొంతమందికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం అని ముందే చెప్పి వేయించారు, కొంతమందికి ముందు చెప్పకుండా వేశాక ఇచ్చారు, మిగతా వాళ్ళకి ఏమీ లేదు. కొన్నాళ్ళకి అవే పెన్నులు మళ్ళీ ముందు పెడితే, సర్టిఫికెట్ ఆశ చూపించిన పిల్లలు మిగతా వాళ్ళు వేసిన టైంలో దాదాపు సగమే వేశారు. ఏమీ ఇవ్వని పిల్లలు, అనుకోకుండా అందుకున్న పిల్లలు మామూలుగానే వేసుకున్నారు. అంటే బహుమతి తప్పు కాదు, బహుమతి ముందు ఊరించి దాని కోసం ఆడించడంలోనే ఉంది చిక్కు. మన గేమ్ మొదటి స్క్రీన్ మీదే రివార్డుల లిస్టు పెట్టుకుని కూర్చుంటుంది కదా, మరి ఆట మీద ఇష్టం ఎలా మిగులుతుంది? మోటివేషన్ పోవడం మన బద్ధకం కాదు.

అసలు స్పోర్ట్స్ అంటేనే చేసిందే చెయ్యడం కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. గచ్చిబౌలి గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీలో గానీ మన ఊళ్ళో ఇండోర్ స్టేడియంలో గానీ చూడండి, మల్టీ షటిల్ అని కోచ్ ఒక బుట్టెడు షటిల్స్ పెట్టుకుని వరసగా విసురుతూనే ఉంటాడు, పిల్ల అదే కార్నర్‌కి పరిగెత్తి అదే షాట్ కొట్టాలి, చూసేవాళ్ళకే విసుగొస్తుంది. కానీ ఆరు నెలలకి ఆ పిల్ల కాలు వేగంగా కదులుతుంది, అది ఆ పిల్ల సొంతం, సెప్టెంబర్ వచ్చిందని ఎవరూ సున్నా చెయ్యరు. గ్రైండింగ్‌లో మన వేళ్ళు నేర్చుకోవాల్సింది మొదటి నెలలోనే నేర్చేసుకుంటాయి, మిగతా పదకొండు నెలలూ పెరిగేది కార్డు మీద నంబరే.

స్పోర్ట్స్ గేమ్ ఇలాగే ఉండాలని రూలేం లేదు. రాకెట్ లీగ్ ఉంది, కార్లతో ఫుట్‌బాల్, 2015లో వచ్చింది. అందులో కార్లు కొంటే షోకే తప్ప స్పీడ్ పెరగదు, ఎన్నేళ్ళు ఆడినా బాల్‌ని గాల్లో కొట్టడం మనకి వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. లోపల ఏముందో తెలియకుండా తెరిచే డబ్బాలు అందులోనూ ఉండేవి, 2019 డిసెంబర్‌లో తీసేశారు. ఓడిపోయినా అందులో ఇంకో మ్యాచ్ ఆడాలనిపిస్తుంది నాకు, ప్యాక్ కోసం మాత్రం కాదు.

ప్యాకుల విషయంలో చట్టం ఉండాలా వద్దా అనేది పెద్ద వాళ్ళు చూసుకోవాలి. బెల్జియంలో 2018లో గ్యాంబ్లింగ్ కమిషన్ ఇది జూదమే అంది, 2019 జనవరి ఆఖరు నుంచి ఈఏ అక్కడ ఫిఫా పాయింట్స్ (డబ్బులిచ్చి కొని ప్యాకులకి వాడే పాయింట్లు) అమ్మడం ఆపేసింది. నెదర్లాండ్స్‌లో కోటి యూరోల దాకా ఫైన్ వేశారు గానీ 2022లో పై కోర్టులో అది నిలవలేదు. మన దగ్గర 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని ఆపింది, ఈ-స్పోర్ట్స్‌ని వేరేగా గుర్తించింది. దాని మీద టీవీల్లో అంత చర్చ జరిగింది, ఈ ప్యాకుల మాట ఎవరి నోటా నేను వినలేదు.

మా బ్యాచ్‌లో కొందరం ఈమధ్య కార్డుల మోడ్ పక్కన పెట్టి కెరీర్ మోడ్, అంటే ఒక టీమ్‌కి మేనేజర్‌గా ఉండి సీజన్లు నడిపే మోడ్ ఆడుతున్నాం. ఫిఫా 22లో మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ టీమ్‌లు ఉన్నాయి, పాత డిస్క్ బయటికి తీసి హైదరాబాద్ ఎఫ్‌సీని పట్టుకున్నాం, 2022లో నిజంగా కప్పు కొట్టిన టీమే కదా. రూల్ మేమే పెట్టుకున్నాం, బయట నుంచి స్టార్ ప్లేయర్ని కొనకూడదు, అకాడమీ కుర్రాళ్ళనే పైకి తేవాలి అని. గోల్‌కీపర్ చేతకాక వరసగా ఓడిపోతున్నాం, అయినా ఫోన్ చేసుకుని మరీ వాడి గురించి తిట్టుకుంటున్నాం, కార్డులు ఆడినన్నాళ్ళూ ఇలాంటి ఫోన్ ఒక్కటి రాలేదు. ఇంకోటి, శనివారం ఒకరింట్లో చేరి రెండు కంట్రోలర్లతో ఒకే టీవీ ముందు ఆడటం. అందులో రివార్డ్ లేదు, ఓడినోడు టీ పెట్టాలి అంతే. కొత్త ఎడిషన్ ఏటా కొనడం కూడా మానేశాం, రెండేళ్ళకోసారి చాలు, అప్పటికి రేటు కూడా బాగా తగ్గుతుంది.

ఇప్పుడు మీకు నా రిక్వెస్ట్. మీ పేపర్లో గేమ్ రివ్యూ వేసేటప్పుడు రిలీజ్ వారంలో ఒకటి వేస్తే వెయ్యండి, నెల తర్వాత ఇంకోటి చిన్నదైనా వెయ్యండి, ఎందుకంటే ఇలాంటి గేమ్ మొదటి వారం ఎప్పుడూ బాగానే ఉంటుంది, అసలు రంగు తర్వాతే తెలుస్తుంది. గ్రాఫిక్స్‌కి నాలుగు లైన్లు తగ్గించి, టాస్కులన్నీ పూర్తవ్వాలంటే వారానికి ఎన్ని గంటలు పడుతుంది, పోయినేడాది సంపాదించింది ఈ ఏడాదికి ఏమన్నా వస్తుందా, నెట్ లేకుండా ఎంత ఆడొచ్చు, ఇవి రాయండి. పిల్లలకి కొనిచ్చే తల్లిదండ్రులకి కూడా అవే కావాలి. ఏడాదికి పెద్ద స్పోర్ట్స్ గేమ్‌లు వచ్చేవి కొన్నే కాబట్టి మీ వాళ్ళకి మరీ భారమేం కాదు. కుదరదంటే చెప్పండి, నెల తర్వాత రాసే ముక్క మేమే రాసి పంపిస్తాం, ఫ్రీగానే.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ