ఏ మహసీర్‌ను ఏ నదిలో వదులుతున్నారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మహసీర్ చేప పిల్లలను నదిలో వదులుతున్న అధికారుల ఫొటోలు పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తుంటాయి. అంతరించిపోతున్న జాతిని కాపాడుతున్నారని కింద రాస్తారు. అది ఏ రకం మహసీరో, ఏ నదికి చెందినదో మాత్రం ఉండదు. కావేరిలో ఏం జరిగిందో తెలిసినవారు ఆ ఫొటోలు చూసి సంతోషించలేరు.

కావేరికి, దాని ఉపనదులకు సొంతమైనది మూపురం మహసీర్. తల వెనక నుంచే వీపు ఎత్తుగా లేస్తుంది, రెక్కలు నారింజ రంగులో ఉంటాయి. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి చిక్కినది 120 పౌండ్లు, అంటే 54 కిలోలు తూగింది. ఇంతటి చేపకు దవడల్లో పళ్లే లేవు. అవి గొంతులో ఉంటాయి. పీతలనూ నత్తలనూ పెంకులతో సహా అక్కడే నలిపి మింగుతుంది, ఒడ్డు చెట్ల నుంచి రాలిన పండ్లనూ వదలదు. వానాకాలంలో నీరు పారే గులకరాళ్ల నేల వెతుక్కుని గుడ్లు పెడుతుంది. బొచ్చె, రోహు పెట్టే గుడ్లతో పోలిస్తే అవి చాలా తక్కువ. కాబట్టి ఆనకట్టలు దారి మూసేసి, ఇసుక తవ్వకాలు నది అడుగును చెరిపేసి, డైనమైట్ వేటగాళ్లు పెద్ద చేపలను చంపేస్తుంటే ఈ జాతి తేరుకోవడం కష్టం.

వీటికి తోడు 1970ల నుంచి మరో పని మొదలైంది. మహారాష్ట్రలోని లోనావాలాలో ఉన్న చేపపిల్లల పెంపక కేంద్రంలో (హేచరీలో) పెంచిన నీలిరెక్కల మహసీర్‌ను దేశంలోని అనేక నదులకు పంచారు, కావేరిలోనూ వదిలారు. అది కృష్ణా పరీవాహకపు చేప. మంచి ఉద్దేశంతోనే చేశారు, కాదనను. కానీ 1998 నుంచి 2012 వరకు కావేరి గాలపు శిబిరాల్లో పట్టి, తూచి, తిరిగి వదిలేసిన చేపల లెక్కలు చూస్తే నీలిరెక్కల మహసీర్ సంఖ్య పెరిగిపోయింది, మూపురం మహసీర్ దాదాపు కనుమరుగైంది. ఇంత పెద్ద మార్పుకు సరదాగా గాలం వేసేవాళ్ల పుస్తకాలే సాక్ష్యం కావడం ప్రభుత్వ శాఖలకు గౌరవమేమీ కాదు. అభయారణ్యాల్లో గాలం వేయడం ఆపేశాక ఆ లెక్కలూ ఆగిపోయాయి.

వందేళ్లకు పైగా వేటగాళ్లు చెప్పుకొన్న ఈ చేప టోర్ రెమాదేవీ అనే శాస్త్రీయ నామం ఉన్న జాతేనని శాస్త్రవేత్తలు నిర్ధారించింది 2018లో. అదే ఏడాది, అంతరించే జాతుల జాబితాను తయారుచేసే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దానిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. నీలిరెక్కల మహసీర్‌ను మాత్రం ప్రమాదంలో లేని జాతిగా మార్చింది. అంటే ఇన్నేళ్లూ ప్రమాదం లేని చేపను పెంచి, ప్రమాదంలో ఉన్నదాని ఇంట్లోకి పంపామన్నమాట.

కర్ణాటక, తమిళనాడు మత్స్యశాఖలు కావేరి పరీవాహకంలో బయటి మహసీర్ పిల్లలను వదలడం పూర్తిగా ఆపాలి. మోయార్ లాంటి ఉపనదుల్లో మిగిలిన మూపురం మహసీర్ గుడ్లు పెట్టే చోట్లను గుర్తించి కాపలా పెట్టాలి. ఏ నదిలో ఏ చేపను వదిలినా దాని జాతి పేరు, తల్లి చేపలను తెచ్చిన నది పేరు ముందుగా ప్రకటించాలి. మీ విలేకరులు కూడా ఫొటో తీసుకునేటప్పుడు ఆ రెండు వివరాలూ అడిగి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు