డెబ్బై ఏళ్ల మాట కూడా చెప్పండి

సంపాదకులకు,

ఐటీ ఉద్యోగాల కోతతో చెన్నైలోని తెలుగు కుటుంబాలు పడుతున్న టెన్షన్ గురించి ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఈఎంఐలు, స్కూలు ఫీజులు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు చెప్పుకోలేకపోవడం, అన్నీ బాగా రాశారు. ఇలాంటప్పుడు జనం గుళ్లు, చర్చిలు, జ్యోతిష్యుల చుట్టూ తిరుగుతారని చివర్లో ఒక వాక్యం విసిరి వదిలేశారు. చర్చికి వెళ్లే మనిషిని కాబట్టి ఆ వాక్యం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. అందులో కొంత నిజం లేకపోలేదు.

మా అక్క కొడుకు చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఒక కంపెనీలో పనిచేసేవాడు. పోయిన ఏడాది చివర్లో తీసేశారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా సంఘంలో తలా ఒక బైబిలు వచనం ఉన్న వాగ్దాన కార్డులు పంచుతారు. వాడికి బైబిల్లోని యిర్మీయా ప్రవక్త గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం వచ్చింది. క్రైస్తవుల ఇళ్లలో క్యాలెండర్ల మీద, గోడ గడియారాల మీద చూసే ఉంటారు. మీ విషయంలో నా ఆలోచన మేలే గాని కీడు కాదని, రాబోయే కాలంలో మీకు నిరీక్షణ, అంటే ఆశ, ఉందని దేవుడు చెప్పే మాట అది. తర్వాత యూట్యూబ్‌లో ఒక ప్రసంగీకుడు మూడు నెలల్లో రెట్టింపు జీతంతో తలుపు తెరుచుకుంటుందన్నాడు. వీడు నమ్మాడు. మార్చి దాటిపోయింది. ‘‘దేవుడు నా ఫైలు చూడటం లేదు పిన్నీ’’ అని ఆదివారాలు రావడం మానేశాడు.

ఆ కార్డు మీద అచ్చు వేయనిది దాని ముందున్న పదో వచనం. ‘డెబ్బై సంవత్సరాలు’ గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని అక్కడ స్పష్టంగా ఉంది. బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం అది. అంతకుముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని జనం మధ్య ప్రకటించాడు. ఈ రోజుల్లో అయితే ఆయన ఛానల్‌కు ఎంతమంది సబ్‌స్క్రైబర్లు ఉండేవారో! యిర్మీయా మాత్రం అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం బాగు కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అని రాశాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. పదకొండో వచనం వాళ్లకు కూడా రాసిందే.

తెలుగు క్రైస్తవులకు ఇది కొత్త పాఠమేమీ కాదు. చెన్నైలో ఎంఆర్‌టీఎస్ రైలు ఎక్కి కిందికి చూస్తే స్తంభాల మధ్య నల్లగా కనిపించేది బకింగ్‌హాం కాలువ. ఓఎంఆర్ పక్కన పోయేదీ అదే. ఒకప్పుడు, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న పెదగంజాం నుంచి దాని మీద పడవలు నడిచేవి. 1876-78 ధాత కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇవ్వడానికి అందులో కొన్ని భాగాలు తవ్వించారు. ఇక్కడ అడయారు, కూవం నదులను కలిపే ముక్క అలా తవ్విందే. ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ల పని బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని, మాదిగపల్లెల వాళ్లకు పని చూపించాడు. మా నాన్న వైపు పెద్దలు ఆ పనిలో మట్టి మోశారని ఇంట్లో చెప్పుకుంటారు.

తిండి కోసం క్రైస్తవంలో కలిసిపోయారన్న దెప్పిపొడుపు చిన్నప్పటి నుంచీ వింటున్నాను. జరిగింది వేరు. కరువు సాయం నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం ఎవరూ దేవుడి పేరు చెప్పకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిసి కూడా, జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనిషిగా లెక్కచేయని ఊళ్లో మనిషివని చెప్పిన దేవుణ్ని వాళ్లు పట్టుకున్నారు. ఆ తర్వాత కూడా కూలీలుగానే బతికారు. పిల్లల్ని బడికి పంపారు.

నా సంగతి కొంచెం చెబుతాను. 2021లో మా వారికి కోవిడ్ వచ్చినప్పుడు, బతుకుతారని తనకు దర్శనం వచ్చిందని ఒకాయన ఫోన్ చేసి చెప్పారు. మా వారు బతకలేదు. ఫోన్ చేసినాయన మళ్లీ పలకరించలేదు. మా స్త్రీల సమాజంలో ఒకావిడ మాత్రం క్వారంటైన్ అయ్యేదాకా రోజూ గుమ్మం ముందు చారన్నం పెట్టి, మెట్ల దగ్గర నిలబడి ఒక కీర్తన చదివి వెళ్లేది. నన్ను ఓదార్చే ప్రయత్నం కూడా చేసేది కాదు. క్రీస్తు చనిపోయి తిరిగి లేచాడన్నది మా నమ్మకానికి ఆధారం. ఉద్యోగం వస్తే నిజమై, రాకపోతే అబద్ధమయ్యే సంగతి అది కాదు. ఆసుపత్రి రిపోర్టు దాన్ని కొట్టివేయలేదు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

మా అక్క కొడుకుకు ఈ ఉత్తరం రాసే నాటికి ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలకు వెళ్తూనే ఉన్నాడు. మా దగ్గరలోని పుళియాంతోపు నుంచి వచ్చే పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు చర్చి హాల్లో లెక్కలు చెబుతున్నాడు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చి మా వీధులన్నీ మునిగి, అదే తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి మా చుట్టాల పొలాలు కూడా ముంచినప్పుడు, ఆ పిల్లల ఇళ్లలో పుస్తకాలు కూడా మిగల్లేదట. వాళ్లకు చెబుతుంటే తన గురించిన ఆలోచన కాసేపు ఆగుతుందంటాడు. ఆదివారాలు వస్తున్నాడు, కాకపోతే వెనక బెంచీలో కూర్చుంటాడు. కూర్చోనివ్వండి అన్నాను.

మీ విలేకరులకు నా మనవి ఒక్కటే. చర్చి చుట్టూ తిరిగేవాళ్ల గురించి రాసేటప్పుడు హనన్యాలను మాత్రమే చూడకండి, చారన్నం గిన్నెలను కూడా చూడండి. పాస్టర్లకు కూడా ఒక మనవి ఉంది. ఈసారి కార్డుల మీద 29వ అధ్యాయం పదో వచనం కూడా కలిపి వేయమని మా పాస్టరు గారిని అడిగాను. ‘‘డెబ్బై ఏళ్లు అని ఉన్న కార్డు ఎవరు తీసుకుంటారమ్మా?’’ అని నవ్వారు. నాకు ఒకటి ఇవ్వండి అన్నాను. కమిటీలో పెడతానన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై