పసిపిల్లల పుస్తకాల చందాలో మార్పులు: మా సభ్యులకు ఒక వివరణ

సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి మా దుకాణంలో మూడేళ్ల లోపు పిల్లల కోసం తీసుకువెళ్లే పుస్తకాలకు తిరిగి ఇచ్చే గడువు ఉండదు. పిల్లలు వాటిని నమిలినా, చింపినా జరిమానా కూడా ఉండదు. చిన్న వయసులోనే అక్షరాలు నేర్పిస్తామని అట్టమీద రాసుకునే సెట్లను, మీట నొక్కితే పాట పాడే పుస్తకాలను ఇకమీదట తెప్పించబోవడం లేదు. అన్నిటికంటే త్వరగా అమ్ముడుపోయే సరుకు ఇదే కాబట్టి మా ఆదాయానికి కొంత గండి పడుతుందని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము. కారణాలు చెప్పవలసిన బాధ్యత మాది కనుక ఈ ఉత్తరం కాస్త పొడవుగానే ఉంటుంది.

ముందు గడువు సంగతి. ఎన్ని కొత్త పుస్తకాలు తీసుకువెళ్లినా పాప ఆ ఒక్కదాన్నే పట్టుకుని మళ్లీ చదవమంటోందని, ఏం చేయాలని సభ్యులు తరచుగా అడుగుతుంటారు. అదే చదవండి, మీకు మొహం మొత్తినా సరే. 2011లో జెస్సికా హోర్స్ట్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, వేర్వేరు కథల్లో కొత్త మాటలు విన్న మూడేళ్ల పిల్లల కంటే, ఒకే కథను మళ్లీ మళ్లీ విన్న పిల్లలకు ఆ మాటలు బాగా గుర్తున్నాయి. ఏం జరగబోతోందో ముందే తెలిసిన పిల్లవాడికి కథను అందుకునే శ్రమ తగ్గి, మాటల మీదికి, బొమ్మలో ఓ మూలనున్న చిన్న చీమ మీదికి మనసు వెళ్లే తీరిక దొరుకుతుంది. పుస్తకాన్ని ఒకసారి చదివి పక్కన పెట్టడం పెద్దల అలవాటు. గడువులు కూడా ఆ అలవాటుకు తగినవే.

తిరిగి వచ్చిన పుస్తకాలను తుడిచి అరల్లో సర్దే పని నాదే. పసివాళ్ల చేతుల్లో నలిగిన పుస్తకాన్ని బల్లమీద నిలబెట్టి వదిలితే, ఇష్టమైన పేజీ దగ్గర తనంతట తానే తెరుచుకుంటుంది. అక్కడి బొమ్మమీద చూపుడువేలు పదేపదే పడిన చోట మెరుపు పోయి, కాగితం కాస్త గరుకుగా తగులుతుంది. కింది మూలలు మాత్రం పంటిగాట్లతో ఉబ్బి, అట్ట పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ వయసులో చేతికందిన ప్రతి వస్తువునూ నోటితోనే పరీక్షిస్తారు కాబట్టి, దానికి జరిమానా వేస్తే పుస్తకాన్ని అందకుండా పై అరలో దాచమని తల్లిదండ్రులకు మేమే నేర్పినట్టవుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఊడిన అట్ట ముక్క, తెరిచి చూసే మడత కాగితం గొంతుకు అడ్డం పడవచ్చు. అలాంటి పుస్తకాన్ని వెంటనే పిల్లల చేతినుంచి తీసి మాకు తెచ్చివ్వండి, మరొకటి ఇస్తాము.

ఇక అక్షరాల సెట్ల విషయం. మేరీ ఆన్ ఎవాన్స్, జాన్ సెయింట్ ఆబిన్ 2005లో ప్రచురించిన పరిశోధనలో, పెద్దలు చదివి వినిపిస్తున్నంతసేపూ నాలుగేళ్ల పిల్లల చూపు ఎక్కడుందో కొలిచి చూస్తే, అది దాదాపు పూర్తిగా బొమ్మలమీదే ఉంది, అక్షరాలమీద బహు తక్కువ. నాలుగేళ్లవాళ్ల సంగతే అలా ఉంటే రెండేళ్ల పిల్లకు అక్షరాలు దిద్దించే తొందర దేనికో నాకు బోధపడదు. ఒళ్లో కూర్చున్న పిల్లకు పుస్తకం నుంచి అందేది మాట. గ్రోవర్ వైట్‌హర్స్ట్ 1988లో ప్రచురించిన అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపింది. సుమారు రెండు, మూడేళ్ల మధ్య పిల్లల తల్లిదండ్రులకు, ఊరికే చదువుకుంటూ పోకుండా ప్రశ్నలు వేస్తూ, పిల్లల మాటను పెంచుతూ చదవడం నేర్పితే, నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాట్లాడడంలో తోటివారికంటే ముందున్నారు. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. పిల్లవాడు బొమ్మ చూపించి "బౌబౌ" అంటే, "అవును, నల్ల కుక్క, ఒళ్లంతా బురద పూసుకుంది, ఇప్పుడు దీనికి స్నానం ఎవరు చేయిస్తారు?" అని అడిగి, జవాబుకోసం కాసేపు ఆగాలి. ఆగడమే కష్టం, ఎందుకంటే మనకు పేజీ పూర్తి చేయాలన్న ఆత్రం ఉంటుంది. కథ మధ్యలోనే వాడు దిగి పాకుతూ వెళ్లిపోతే వెళ్లనివ్వండి. చదవడం రాని అమ్మమ్మ, తాతయ్య కూడా బొమ్మలు చూస్తూ తమకు తోచిన కథ చెప్పవచ్చు. ఊ కొట్టే పిల్లకు అచ్చులో ఏముందో అక్కర లేదు.

మీటలున్న పుస్తకాలు ఈ సంభాషణకే అడ్డు వస్తాయి. 2016లో అచ్చయిన అన్నా సోసా పరిశోధన ప్రకారం, పది నుంచి పదహారు నెలల పిల్లలతో ఆడేటప్పుడు శబ్దాలు చేసే ఎలక్ట్రానిక్ బొమ్మలు ముందుంటే తల్లిదండ్రులు తక్కువ మాట్లాడారు. పుస్తకాలు ఉన్నప్పుడు మాటలు ఎక్కువగా వచ్చాయి. బొమ్మే మాట్లాడుతుంటే మనం ఊరుకుంటాము కదా. దీనికి తోడు కొన్ని మీట పుస్తకాల్లో బొత్తాం బ్యాటరీలు, అంటే చిన్న బిళ్లల్లాంటి బ్యాటరీలు ఉంటాయి; అవి మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలవు. ఈ ఒక్క కారణమే నాకు చాలు.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగేవారికి, పుట్టిన నాటినుంచే అని జవాబు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2014లో శైశవం నుంచే చదివి వినిపించమని సూచించింది. తొలి వారాల్లో బిడ్డ చూపు సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే బాగా ఆనుతుంది కాబట్టి, నలుపు తెలుపు బొమ్మలను అంత దగ్గరగా పట్టుకోండి. దీనికోసం ఎక్కువ పుస్తకాలు కొననవసరం లేదని పుస్తకాలు అమ్ముకునే నేనే చెబుతున్నాను.

ఇప్పటికే ఉన్న అక్షరాల సెట్లను నిల్వ అయిపోయేవరకు అడిగినవారికి ఇస్తాము, ముందు వరుసలో మాత్రం పెట్టము. మీట పుస్తకాల బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే, మా దగ్గర ఎప్పుడు కొన్నదైనా సరే, తెచ్చి మరో పుస్తకం తీసుకువెళ్లండి. చందా రుసుములో మాత్రం మార్పు లేదు. గడువు తీసివేసినందువల్ల కొన్ని పుస్తకాలు నెలల తరబడి ఒకే ఇంట్లో ఉండిపోతాయి, మిగతావారు ఎదురుచూడవలసి వస్తుంది. ఎక్కువమంది అడుగుతున్నవాటికి రెండో ప్రతి తెప్పిస్తున్నాము, అవి వచ్చేవరకు ఓపిక పట్టవలసిందిగా మనవి.