2024-25 వార్షిక నివేదిక: పాలిచ్చే గది పెట్టాం సరే, బెంచీ సంగతేంటి?

కాలనీ సభ్యులందరికీ నమస్కారం. ముందు మామూలు సంగతులు. బోరు మోటారు బాగుచేయించాం, మెయిన్ రోడ్డు వైపు గేటుకు కెమెరాలు పెట్టించాం, వినాయక చవితి చందాల లెక్క నోటీసు బోర్డు మీద ఉంది, చూసుకోండి. కానీ ఈ ఏడాది కమిటీ సమావేశాల్లో ఎక్కువ టైమ్ తినేసింది వీటిలో ఏదీ కాదు, చంటిబిడ్డకు నలుగురిలో పాలివ్వొచ్చా అనే విషయం. అందుకే నివేదికలోనూ ఎక్కువ చోటు దానిదే.

సద్దుల బతుకమ్మ రోజు గ్రౌండ్‌లో జరిగింది చాలామందికి తెలుసు. పురిటికి పుట్టింటికి వచ్చిన మన కాలనీ అమ్మాయి, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని, చున్నీ కప్పుకుని పాలిచ్చింది. "ఇంటికెళ్లి ఇవ్వొచ్చు కదమ్మా, ఇంతమంది మగవాళ్లున్నారు" అన్నారు ఒక పెద్దావిడ. అమ్మాయి తల్లి ఊరుకోలేదు. "నీ పిల్లలకు నువ్వు అరుగు మీద కూర్చుని ఇయ్యలేదా వదినా?" అనేసరికి పాట ఆగిపోయింది, చప్పట్లు ఆగిపోయాయి, ఆ రాత్రి కాలనీ వాట్సాప్ గ్రూపు మాత్రం ఆగలేదు.

ఆ పెద్దావిడ ఒక్కరినే అనడానికి లేదు. తర్వాత మహిళా సభ్యులు ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు. మగవాళ్లలో చాలామంది తమకేం అభ్యంతరం లేదన్నారు, ఆ వెంటనే తమ కోడలైతే మాత్రం లోపలికి వెళ్లాలన్నారు. పెద్దవాళ్లకు సిగ్గు కన్నా దిష్టి భయం ఎక్కువ, పాలు తాగే బిడ్డ మీద అందరి కళ్లూ పడితే కక్కుకుంటుందని, తల్లికి పాలు తగ్గిపోతాయని. చిన్నవాళ్ల టెన్షన్ ఫోన్ కెమెరా. దిష్టికి కాటుక చుక్క ఉండనే ఉంది, ఫోన్‌కు అలాంటిదేమీ లేదు కాబట్టి ఈ రెండో భయాన్ని కమిటీ సీరియస్‌గానే తీసుకుంది.

ఒక విడ్డూరం కూడా బయటపడింది. పార్కు గోడ అవతల కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర, కూలికొచ్చిన తల్లి ఇసుక కుప్ప పక్కన కొంగు చాటున బిడ్డకు పాలిస్తుంటే ఇన్నాళ్లూ ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే పని ఫ్లాట్‌లో ఉండే అమ్మాయి చేస్తే కాలనీ పరువు పోతుందట! దీనికి సమాధానం సమావేశంలో ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలప్పుడు మన కాలనీలోనే ఉండే పిల్లల డాక్టరు గారు మాట్లాడారు కదా, ఆ మాటలు ఇక్కడ బాగా పనికొచ్చాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు, ఆ తర్వాత వేరే తిండితో పాటు రెండేళ్లు, ఇంకా పైన కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొత్తగా పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. అంటే బయట పాలివ్వొద్దంటే ఆ తల్లిని కూరగాయలకు, టీకాకు, పెళ్లికి ఎక్కడికీ వెళ్లొద్దన్నట్టే. బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయి, టెన్షన్‌లో ఉంటే పాలు దిగడం ఆలస్యమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల్లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నది దేశం మొత్తం మీద 63.7 శాతం. మిగతావాళ్లకు డబ్బా పాలో, నీళ్లో, ఇంకేదో ముందే మొదలవుతోంది. నలుగురిలో ఇబ్బందని సంచిలో సీసా పెట్టుకుని బయల్దేరే తల్లులు మన కాలనీలోనే ఉన్నారు, వాళ్లే చెప్పారు.

ఇక గది. కమ్యూనిటీ హాల్ పక్కన మండపం కర్రలు, పాత షామియానాలు పడేసే స్టోర్ రూమ్‌ను ఖాళీ చేయించి సున్నం వేయించాం. చేతుల కుర్చీ, ఫ్యాను, కర్టెన్, చేయి కడుక్కోవడానికి కుళాయి, అంతే. తాళం వేసి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెడదామని ఒకరు ప్రతిపాదించారు. "బిడ్డ ఏడుస్తుంటే పోయి వాచ్‌మన్‌ను తాళంచెవి అడగాలా?" అని ఆడవాళ్లందరూ ఒక్కసారే లేచేసరికి బయట తాళం మానేసి లోపల గడియ పెట్టించాం. నగరంలో ఒక మాల్‌లో ఫీడింగ్ రూమ్ బోర్డు చూసి తలుపు తీస్తే చీపుర్లు, బకెట్లు కనిపించాయని ఒక సభ్యురాలు చెప్పారు, ఇక్కడ అలా కాకుండా చూసుకోవాల్సింది మనమే.

గది అనగానే అందరూ ఒప్పుకున్నారు, అనుమానం అక్కడే వచ్చింది. గది ఉంది కదా, ఇంక అందరూ అందులోకే వెళ్లాలి అని రూలు పెట్టేద్దామనే మాట మొదలైంది. కమిటీలో ఎక్కువమంది దీనికి ఒప్పుకోలేదు. చాటు కావాలనుకునే తల్లికి గది, అక్కర్లేదనుకునే తల్లికి పార్కు బెంచీ. 2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు కూడా బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు గుర్తుచేయమని కేంద్రానికి చెబుతూనే, నలుగురిలో పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని అంది. మహిళల గౌరవాన్ని తగ్గించే పద్ధతులు మానుకోవాలని రాజ్యాంగం పౌరులకు చెప్పిన బాధ్యతను కూడా అందులో గుర్తుచేసింది. పౌరులంటే మనమే, జీహెచ్‌ఎంసీ కాదు.

మన ఇళ్లలో పనిచేసేవాళ్ల గురించి ఒక్క మాట. ఉద్యోగంలో తిరిగి చేరిన తల్లికి బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని చట్టంలో ఉంది, 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలని 2017లో చేర్చారు. గిన్నెలు తోమడానికి వచ్చే అమ్మాయికి ఇవేవీ వర్తించవు, ఆమె మెట్ల కింద కూర్చుని పాలిస్తోంది. గది ఆమెదీ అని బోర్డు మీద రాయించాం. "పనివాళ్లు వాడితే మా పిల్లలెలా వస్తారు" అని ఫోన్ చేసినవాళ్లకు ఫోన్‌లోనే సమాధానం చెప్పాం, ఇక్కడ రాయడం బాగుండదు.

కాలనీ ఉమ్మడి స్థలాల్లో పాలిచ్చే తల్లిని ఎవరూ లేచి వెళ్లమనకూడదు, ఫోటో తీసినట్టు తెలిస్తే కమిటీయే వెంటబడి పోలీసు ఫిర్యాదు ఇప్పిస్తుంది అనే తీర్మానం ఈసారి జనరల్ బాడీకి వస్తోంది. కొందరు వ్యతిరేకంగా మాట్లాడతామని ముందే చెప్పారు, మాట్లాడనివ్వండి, తర్వాత చేతులెత్తి ఓటింగ్. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్లకు ఓటు ఉండదని మన నియమావళిలో ఉంది కాబట్టి, ఏ పక్షం వాళ్లయినా సరే, ముందు బాకీ కట్టేసి రండి.