ఒక్కో బిడ్డకు మూడు నిమిషాలు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

మూడో తరగతి పిల్లవాడి నోటుపుస్తకం ముత్యాల్లాంటి రాతతో నిండి ఉంటుంది. పేజీ పేజీకీ ఎర్రసిరా టిక్కు. అందులో నడిమి వాక్యం మీద వేలుపెట్టి 'ఇది చదువు నాయనా' అంటే బిక్కమొహం వేస్తాడు. అది బోర్డు చూసి దించిన రాత. గీతలు పుస్తకంలోకి వచ్చాయిగానీ ఏ గీతకు ఏ శబ్దమో వాడికి తెలియదు. పుస్తకాలు తిప్పిచూస్తే రాత కనబడుతుంది, చదువు కనబడదు. చదువును చెవితో వినాలి, అదీ ఒక్కొక్కరి దగ్గర కూర్చుని. తరగతంతా ఒక్క గొంతుతో చదివేటప్పుడు పదిమంది వెనక పదిమంది పెదవులు కదిపి గట్టెక్కేస్తారు.

తెలుగు పలికినట్టే రాస్తాం కాబట్టి అక్షరాలొస్తే చదువొచ్చినట్టేనని మనకొక ధీమా. కానీ లెక్క చూడండి. వర్ణమాలలో 56 అక్షరాలు. 35 హల్లులకు 12 గుణింతాలు వేసుకున్నా 420 రూపాలు. వాటి మీద ఒత్తులు. ఇది ఒకటో తరగతితో తీరిపోయే పని కాదు, మూడో తరగతి దాకా సాగేదే. ఒకటో తరగతిలో అక్షరాలు, రెండో తరగతిలో గుణింతాలు అయిపోయాయని రికార్డు రాసేసి పాఠాల మీద పడితే మిగిలిపోయిన పిల్లలు మిగిలిపోతారు. (మన అక్షరాభ్యాసమే చూడండి. బియ్యంలో మొట్టమొదట దిద్దించేది 'ఓం నమః శివాయ సిద్ధం నమః'. విసర్గా, ఒత్తూ రెండూ మొదటిరోజే! అది ఆశీర్వాదం, పాఠం కాదు, ఇబ్బంది లేదు. పాఠం కూడా అట్లాగే నడిస్తేనే ఇబ్బంది.)

చదవడంలో పిల్లలు ఎక్కడ తట్టుకుంటారో, ఉపాధ్యాయులుగా మాకు తెలిసినంతవరకు చెబుతాం.

మొదటిది, నోటికి వచ్చి కంటికి రాకపోవడం. 'క కా కి కీ' అని గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లకు 'కే' ఒక్కటే రాసి చూపిస్తే 'క' నుంచి వేళ్లు మడుస్తూ వస్తుంది. గుణింతం ఆమెకు పాటగా వచ్చింది. పరీక్ష సులువు. కి, బో, తే, మూ, సా అని వరస తప్పించి పది రూపాలు చూపించాలి. ఒక్కోదానికి రెండు సెకన్లు దాటితే అది ఇంకా రానట్టే.

రెండోది, పోలికలు. వ, ప, ష, ఫ ఒక కుటుంబం. ద, ధ, థ, ర, ఠ ఇంకొకటి. మ, య మరొకటి. ఒక కుటుంబంలోవి ఒకే వారంలో నేర్పితే జీవితాంతం తడబాటే. త, ల, ప, క, గ, డ, జ ఈ ఏడింటితో మొదలుపెట్టి చూడండి: తల, జడ, జత, పలక, గడప, తడక. ఏడక్షరాలకే ఆరు మాటలు, అన్నీ బిడ్డ ఎరిగినవే. 'ప' కుదురుకున్నాక, కనీసం రెండు వారాలు ఆగి, 'వ' తేవాలి. వర్ణమాల వరసలో పోతే 'ఋ' దగ్గరా 'ఙ' దగ్గరా రోజులు గడిచిపోతాయి; ఆ అక్షరాలతో ఆ వయసు పిల్లలు చదివే మాటలు ఎన్ని?

మూడోది, మాట తప్పే గుణింతాలు. 'కు'లో కొమ్ము పక్కన పెడతాం, 'పు', 'వు'లలో కింది నుంచి తీస్తాం. మామూలు చోట పెడితే 'వు' కాస్తా 'మ' అయి కూర్చుంటుంది. 'కొ'కు ఒత్వం నెత్తిన ఉంటే 'మొ', 'యొ'లకు ఎత్వమూ కొమ్మూ కలిపి ఇస్తాం. 'హా' దీర్ఘం తీరే వేరు. ఇవి మరీ ఎక్కువేమీ ఉండవు. విడిగా ఒక అట్టమీద రాసి గోడకు తగిలించి రోజూ రెండు నిమిషాలు చదివిస్తే చాలు. తగిలించని గదిలో పిల్లలు వాటిని ఊహించుకుంటూ ఏళ్లు గడుపుతారు.

నాలుగోది అన్నింటికంటే గట్టిది, ఒత్తు. 'శక్తి' చూడండి. గుడి ఉన్నది 'క' మీద. పలికేది 'త' తర్వాత. బిడ్డ కంటికి కనబడిన వరసలో చదివి 'శకిత' అంటుంది. తప్పు బిడ్డది కాదు, మన లిపి పద్ధతి అది: పైఅక్షరంలో అచ్చు తీసెయ్యి, కింది హల్లు పలుకు, తీసిన అచ్చు దానికి తగిలించు. ఈ మూడు మెట్లూ నోటితో చెప్పి చేయించకుండా 'ఒత్తు పలకవేం' అని గద్దిస్తే ఏం లాభం? అక్క, బొగ్గు, గడ్డ లాంటి ద్విత్వాలు ముందు నేర్పాలి. వాటిలోనూ గ, డ, ద ఒత్తులు తలకట్టు తీసిన అక్షరాల్లాగే ఉంటాయి గనుక అవి మొదట. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు రూపంతో పోలిక తక్కువ, అవి తర్వాత. సంయుక్తాలు చివరికి. 'స్త్రీ' నాలుగో తరగతికి వచ్చినా నష్టం లేదు.

ఇక మా తిరుపతి, చిత్తూరు ప్రాంతం సంగతి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్నారు, కుప్పం వైపు తమిళం, కన్నడం రెండూ ఉన్నాయి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకూ అంతే, త, ద లకూ అంతే. ఆ ఇంటి బిడ్డ 'గంప'ను 'కంప' అని రాస్తే మందబుద్ధి అనకండి. ముందు చెవికి తేడా తెలియాలి: గొంతుమీద వేళ్లు పెట్టించి 'క', 'గ' పలికిస్తే 'గ'కు అదురు తెలుస్తుంది. రోజుకు ఐదు నిమిషాల ఆట. తెలుగిళ్లలో పిల్లలకు వేరే చిక్కు. పుస్తకంలో 'ఉల్లిపాయ', ఇంట్లో ఎర్రగడ్డ. పుస్తకంలో 'గేదె', ఇంట్లో ఎనుము. 'వేరుశనగ' అంటే చెనిక్కాయ అని ఎవరూ చెప్పరు. 'వస్తున్నాడు' అని అచ్చులో ఉంటే 'వస్తా ఉండాడు' అని చదివే పిల్ల నిజానికి బాగా చదువుతోంది, అర్థం పట్టుకుని తన మాటలోకి మార్చుకుంది. దానికి మార్కు తీసేసే అయ్యవార్లు ఇంకా ఉన్నారు.

వేగం కొలిచే పద్ధతి గురించి ఒక మాట. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు లక్ష్యంగా పెట్టింది. మనకు 'పలక' ఒక మాటే, 'చదువుకుంటున్నప్పుడు' కూడా ఒక మాటే. మొదటిదానికి మూడక్షరాలు, రెండోదానికి ఎనిమిది. భాషను బట్టి ప్రమాణం మారాలని 2022లో జాతీయ విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ చేసిన మూడో తరగతి అధ్యయనమే ఒప్పుకుంది. బడుల్లో మాత్రం మాటలు లెక్కపెట్టడం ఆగలేదు. అక్షరాలు లెక్కపెట్టమని ఒక ఉత్తర్వు ఇవ్వండి, ఖర్చేమీ లేదు.

ఇవన్నీ సరిచేశాక కూడా వెనకబడే పిల్లలు కొందరుంటారు. మాటకారులు, లెక్క చురుకు, అచ్చు చూస్తే మాత్రం చెమటలు. తెలుగులాంటి లిపిలో డిస్లెక్సియా (తెలివి ఉన్నా అచ్చు చదవడం కుదరని ఇబ్బంది) తప్పులుగా కంటే నత్తనడకగా బయటపడుతుంది. అక్షరాలన్నీ గుర్తుపడతాడు, మాట చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. తప్పుల్లేవు కదా అని మనం వదిలేస్తాం. ముందు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించాలి. చీముకారే చెవి ఎన్నో చదువుల్ని మింగేసింది. అవి బాగుండి, ఆరు నెలలు సక్రమంగా నేర్పినా కదలిక లేకపోతే నిపుణులకు చూపాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాలాంటి చదువు ఇబ్బందుల్ని 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. వీలైనంత త్వరగా గుర్తించడం బడి బాధ్యత అని 16వ సెక్షన్ చెబుతోంది; పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉందని ధ్రువపత్రం ఉన్నవారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయమని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కాగితం మీద లోటేమీ లేదు. అసలు చిక్కు, బిడ్డ పదో తరగతికి వచ్చాక, హాల్‌టికెట్ల వేళకు ఇవి గుర్తుకు రావడం. ఆ బిడ్డకు ఎనిమిదేళ్లప్పుడే తెలియాల్సింది.

మీరు చేయగలిగినవి అడుగుతున్నాం. జులై, నవంబరు, ఫిబ్రవరి నెలల్లో ఒక్కోసారి, రెండు నుంచి ఐదో తరగతి దాకా ప్రతి బిడ్డ చేతా ఒంటరిగా మూడు నిమిషాలు చదివించే ఏర్పాటు చేయండి. 30 మందికి 90 నిమిషాలు, రెండు పూటల్లో అయిపోతుంది. పాస్, ఫెయిల్ వద్దు. పోలిక తప్పా, గుణింతమా, ఒత్తా, వేగమా అన్నది మాత్రమే గుర్తు పెట్టాలి. ఆ గుర్తును బట్టి, తరగతిని బట్టి కాకుండా, పిల్లల్ని జట్లు చేసి రోజూ 40 నిమిషాలు చదివించనివ్వండి. ఆ 40 నిమిషాల్లో యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని ఏదీ అయ్యవారికి పెట్టకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయుడు నెలకొక రోజైనా ప్రతి బడికీ వచ్చి, నత్తనడక చదువున్న పిల్లల్ని చూసేట్టు చేయండి. వైకల్య నిర్ధారణ శిబిరాలు జరిగేటప్పుడు చదువు ఇబ్బందులకు ఒక రోజు విడిగా కేటాయించండి, బిడ్డ ఏ భాషలో చదువుతున్నాడో ఆ భాషలోనే పరీక్షించమనండి. ఇంగ్లీషులో పరీక్షపెట్టి తెలుగు చదువు తేల్చలేం.

మొదటి విడత తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోనే పెట్టి చూడండి. తప్పులు గుర్తుపెట్టే పట్టిక ఠావు కాగితానికి ఒకవైపు సరిపోతుంది, మేము తయారుచేసి ఇస్తాం. బడులు తెరిచే జూన్ 12 లోపు ఉత్తర్వు వస్తే జులై మొదటి చదివింపుకు సమయం చాలుతుంది.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లలకు చదువు నేర్పే కొందరు ఉపాధ్యాయులు