గ్రామసభకి ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. ఈసారి గ్రామసభలో నీళ్ల లెక్క కచ్చితంగా ఎత్తాలి, అందుకే ముందే పెడుతున్నా. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు) వైపు హివరే బజార్ అని ఊరుంది, మన అనంతపురం లాగే కరువు ప్రాంతం. పోపట్‌రావు పవార్ సర్పంచ్ అయ్యాక 1990ల నుంచి ఊరంతా కలిసి కొండ మీద కందకాలు తవ్వారు, చెట్లు కొట్టడం ఆపేశారు, పశువుల్ని ఇష్టమొచ్చినట్టు తోలడం కూడా లేదు, గడ్డి కోసుకొచ్చి వేసుకోవాల్సిందే. ఆయనకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

అసలు విషయం ఏంటంటే ఏటా వాన ఎంత పడింది, బావుల్లో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి అని కొలిచి, ముందు మనుషులకీ పశువులకీ తాగడానికి పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టే ఏ పంట వెయ్యాలో గ్రామసభలో తేలుస్తారు. చెరకు, అరటి వద్దనుకున్నారు, సాగుకి బోర్లు వెయ్యరు. నాకైతే ఈ బోర్ల మాటే అన్నిటికన్నా పెద్దది, మన దగ్గర ఒక బోరు ఎండితే పక్కనే ఇంకోటి, ఇంకా లోతుకి, అప్పు మీద అప్పు.

కందకాల పని మనం ఉపాధి పనుల్లో అడుగుదాం. బావులున్న అన్నలు ఆదివారం లోపు తాడుకి రాయి కట్టి నీళ్ల లోతు చూసి ఇక్కడే పెట్టండి.