హ్యాండిల్ వణికినప్పుడు

అమ్మలూ,

రాత్రి ఫోన్‌లో నువ్వు "దిగుడులో సైకిల్ మొత్తం ఊగిపోయింది నాన్నా" అన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. మాటల్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

నీకు తొక్కడం రాక అలా జరగలేదు. దాన్ని స్పీడ్ వాబుల్ అంటారు. ఖరీదైన రోడ్ బైక్‌కీ వస్తుంది, ఏళ్ల తరబడి తొక్కినవాళ్లకీ వస్తుంది. ముందు చక్రం కాస్త పక్కకి తిరిగితే తనంతట తానే మధ్యకి వస్తుంది కదా. వేగంలో అక్కడ ఆగకుండా అవతలి పక్కకి పోతుంది. ఫ్రేమ్ కూడా స్ప్రింగులా సన్నగా మెలి తిరిగి వెనక్కి తన్నుతుంది. ఒకానొక వేగం దగ్గర ఈ రెండింటికీ లయ కుదిరిందంటే, సమయానికి తోసిన ఊయలలా ఊపు పెరుగుతూ పోతుంది. పక్కగాలి కొట్టినా, చిన్న గతుకు తగిలినా, చివరికి చలికి ఒళ్లు వణికినా మొదలవ్వచ్చు.

నాకూ ఒకసారి 55 కిలోమీటర్ల వేగంలో వచ్చింది. వేళ్లు తెల్లబడేలా హ్యాండిల్ పట్టుకున్నాను. బిగించినకొద్దీ ఎక్కువైంది. భయానికి కాళ్లు దగ్గరకి ముడుచుకుని, మోకాలు పైరాడ్‌కి గట్టిగా ఆనింది. రెండు మూడు సెకన్లలో అంతా సద్దుమణిగింది. ఆ రోజు అదృష్టం కొద్దీ జరిగింది, నువ్వు తెలిసి చెయ్యాలి.

పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఆపి, పైరాడ్‌ని మోకాళ్ల మధ్య నొక్కిపట్టు. బరువు కాళ్ల మీద వేసి, సీటు మీద నుంచి కొంచెం లే. చేతులు వదిలెయ్యకు, పట్టు మాత్రం సడలించు, మోచేతులు వంచు. చూపు దూరంగా రోడ్డు మీదే ఉండాలి. బ్రేకు మెల్లగా, వెనకది ఎక్కువగా వాడుతూ వేగం తగ్గించు. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కావో, పడిపోతావు.

ఇక సైకిల్ సంగతి. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపు. రెండో చేతి వేళ్లు హ్యాండిల్ కింద, ఫ్రేమ్‌లోకి ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే రాడ్, దిగేచోట ఆనించి ఉంచు. వేలికి టక్కుమని తగిలితే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరగడానికి అక్కడుండే బేరింగులు, లూజైనట్టే. తర్వాత చక్రాన్ని పైన పట్టుకుని పక్కలకి కదిపి చూడు, ఊగితే చక్రం బేరింగ్ మెకానిక్‌కి చూపించాలి. చక్రం బెండు, స్పోకుల బిగువు, టైరు రిమ్‌లో సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడమను. ఫోర్క్‌లో సన్నటి పగులు కనిపిస్తే ఆ సైకిల్ మళ్లీ ఎక్కకు. హ్యాండిల్‌కి తగిలించిన బ్యాగు తీసెయ్యి, దాంతోనూ వణుకు రావచ్చు.

అన్నీ బాగానే ఉన్నాయని తేలినా వాబుల్ మళ్లీ రావచ్చు. పొడుగైనవాళ్లకి, పెద్ద ఫ్రేమ్‌లకి ఇది కొంచెం ఎక్కువ. నువ్వేమో నాకంటే పొడుగు. అందుకని ముందు చదును రోడ్డు మీద, నెమ్మదిగా వెళ్తూ, మోకాళ్లతో రాడ్ నొక్కడం రోజూ పదిసార్లు చెయ్యి. ఆలోచించకుండానే కాళ్లు ఆ పని చేసేదాకా ఆ దిగుడు వైపు వెళ్లకు తల్లీ. హెడ్‌సెట్ చూసుకున్న వెంటనే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

నాన్న